ఎల్లిగడ్డ, లిల్లిగడ్డ

మొన్న ఆదివారం అమ్మ పంపిన మూట విప్పితే లోపల రెండు గుడ్డసంచులు కనిపించాయి. ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో "తినేటియి" అని రాసి ఉంది. రెండోదాని మీద "తినొద్దు" అని రాసి, కింద మూడు గీతలు కొట్టి ఉంది. నా గదిలో ఉండే అమ్మాయికి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. వచ్చి ఉంటే, మూట కట్టి పంపి మరీ తినొద్దని రాసే తల్లి ఎలాంటిదోనని ఆ పూటే గది ఖాళీ చేసేది.

మొదటి సంచిలో ఎల్లిగడ్డలు. వెల్లుల్లిని మా తెలంగాణ ఇళ్లలో అలాగే అంటాం. రెండోదానిలో లిల్లిగడ్డలు. అంటే నేలసంపెంగ గడ్డలు. హిందీవాళ్లు రజనీగంధ అంటారు, మన బజారులో లిల్లిపూలని మూరలు కొలిచి అమ్ముతారు. తొలకరికి పాతితే శరత్కాలంలో పొడుగాటి కాడ వేసి తెల్లగా పూస్తుంది. ఎల్లికీ లిల్లికీ మధ్య తేడా ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం మా ఇంట్లో చేసిన పని తలచుకుంటే నాకిప్పటికీ దిమ్మ తిరుగుతుంది.

బాల్యజ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలంటారు. నాకింకా ఇరవయ్యే. గుజరాత్‌లో, హజీరాలోని ఒక కంపెనీలో అప్రెంటిస్‌ని. పొద్దున్నే అడాజన్‌లో కంపెనీ బస్సెక్కుతాను, సాయంత్రం అక్కడే దిగుతాను. కానీ నేను పెరిగిన ఇల్లిప్పుడు లేదు. దాని వాకిలి లేదు, ఆ వాకిట్లో మట్టి కూడా లేదు. నా జుట్టు సంగతేమో గానీ, నా బాల్యానికి మాత్రం ఎప్పుడో తల నెరిసిపోయింది.

*

ఆ ఏడు, మావాళ్లు బతకడానికొచ్చిన అమ్రోలిలో, సాంచాలు ఆగిపోయాయి. సాంచాలంటే మరమగ్గాలు. మా సందు చివరే కార్ఖానా. నేను పుట్టింది మొదలు ఆ టకటక ఆగగా విన్నది లేదు. ఆ చప్పుడులోనే పాలు తాగాను, ఎక్కాలు నేర్చుకున్నాను, నిద్రపోయాను. రోగం వచ్చిందని, ఎవరూ గడప దాటొద్దని చెప్పి ఒక పొద్దున అన్నిటినీ ఒక్కసారే ఆపేశారు. మా నాయినమ్మ మంచం మీద లేచి కూర్చుని, చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది.

"పిల్లా, నా చెవులు పోయినయే" అంది కంగారుగా.

పోలేదు. పాతికేళ్లు కార్ఖానాలో నూలు కండెలు చుట్టిన మనిషికి ఆ పొద్దున్నే చెవులు వచ్చాయి. వచ్చినవీ సగమే అనుకోండి. కొళాయి చుక్క పడటం వినిపిస్తోందని, పావురం రెక్కలు కొట్టుకోవడం వినిపిస్తోందని రోజంతా నోరు తెరుచుకుని కూర్చుంది. నేనూ అంతే. నిశ్శబ్దం అంత పెద్దగా ఉంటుందని నాకు తెలియదు.

దానివల్ల ఎక్కువ నష్టపోయినవాడు మా బాపు. నాన్నను మేం బాపు అంటాం. ఇరవై ఏళ్లు సాంచాల మధ్య మాట్లాడటం వల్ల ఆయన గొంతుకు ఒకటే స్థాయి ఉండేది, అరుపు. చప్పుడున్నన్నాళ్లూ అది మామూలు మాటే. చప్పుడు పోయాక, "కూరల ఉప్పు జర తక్కువైంది" అని ఆయన అంటే సందు సందంతా మా ఇంటి ఉప్పు గురించి విచారించేది.

ఇంట్లో మేం ముగ్గురమే మిగిలాం. అమ్మ తన చెల్లి కాన్పుకని తెలంగాణలో మా ఊరికి వెళ్లింది. పది రోజుల్లో వస్తానని పోయింది. బండ్లు బందైపోయాయి, అక్కడే చిక్కుకుంది. రోజూ ఫోను చేసి మొదట నా చదువు, తర్వాత అత్తగారి కీళ్లు, ఆఖరున మొగుడి సంగతి అడిగేది. ఆయన మాత్రం ఫోను లేకపోయినా ఊరిదాకా వినిపించేంత గట్టిగా జవాబు చెప్పేవాడు.

కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. గుజరాతీ ఆవిడ, పెద్ద వయసు, ఒంటరిది. సందులో అందరూ ఆమెను 'బా' అనే పిలిచేవారు, అమ్మ అని అర్థం. పైన బాపు, కింద బా. నా ప్రపంచమంతా 'బ' గుణింతంలోనే ఉండేది. బా మాతో హిందీలో మాట్లాడేది, అందులో సగం గుజరాతీ. నాయినమ్మ అచ్చ తెలుగులో జవాబిచ్చేది. పదిహేనేళ్లలో ఇద్దరికీ ఒక్క తగాదా రాలేదు. ఒకరన్నది ఒకరికి అర్థం కాకపోవడమే అందుకు కారణమని మా అమ్మ అనేది.

బా వాకిట్లో ప్రహరీ వెంట మూడు జానల వెడల్పున మట్టి ఉండేది. అందులో ఏటా రజనీగంధ వేసేది. పూత అయిపోయి ఆకులు పండాక గడ్డలు తవ్వి, మన్ను దులిపి, నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో దాచేది. మళ్లీ తొలకరికి పాతేది. దసరా వచ్చేసరికి ఆ సందులో బట్టల గంజి వాసన, యంత్రాల నూనె వాసన, అందరి తాలింపుల వాసన దాటుకుని ఒక్క లిల్లి వాసన మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చేది. మా బతుకమ్మ కొసన పెట్టే పూలు ఆమె ఇచ్చినవే.

ఆ ఏడు బా మోకాళ్లు మొరాయించాయి. వానలు మొదలైన రోజు నన్ను పిలిచి, దూరంగా నిలబెట్టి, మెట్టు మీద సంచి పెట్టి వెనక్కి జరిగింది.

"నీ బడి లేదు, నాకు మోకాళ్లు లేవు. ఈసారి నువ్వు పెట్టు దీకరీ. అందరం లోపలే పడి ఉన్నాం, పూలైనా బయటికి రావాలి" అంది.

దీకరీ అంటే కూతురు. నేను మాస్కు సర్దుకుని, సంచి పట్టుకుని పైకి వెళ్లి, వంటింట్లో నాయినమ్మ చేతికిచ్చాను.

"బా ఇచ్చింది. లిల్లిగడ్డలు. రేపు పెడ్త" అన్నాను.

మొదటి అక్షరం మాస్కులోనే ఇరుక్కుపోయి ఉండాలి. 'రేపు' మాత్రం సాఫీగా బయటికొచ్చింది. ఆ మాట నా నోట్లో ఎప్పుడూ ఇరుక్కోదు. నాయినమ్మ సంచిని వంటింటి మేకుకు తగిలించింది. నా రేపు పది రోజులు సాగింది.

బా మధ్యమధ్య వాకిట్లోంచి అడిగేది, "పెట్టావా?" అని.

"పెట్టిన బా!" అనేదాన్ని.

అబద్ధం కాదు. మేకుకు పెట్టామని విడమరిచి చెప్పలేదంతే.

*

అవి కషాయాల రోజులు. ప్రతి ఫోనులోనూ ఒక వైద్యుడు ఉండేవాడు. ఒకరు అల్లమన్నారు, ఒకరు పసుపన్నారు, ఒకరు ఆవిరి పట్టమన్నారు. మా నాయినమ్మ అందరి మాటా విని, అన్నీ ఒకే గిన్నెలో వేసేది. ఇల్లంతా మిరియాల వాసన. మా దగ్గులు కూడా రోగం దగ్గులు కావు, వైద్యం దగ్గులు.

నాయినమ్మ ఆ సంచి విప్పడానికి రెండు రోజుల ముందు ఒక చిన్న సంగతి జరిగింది. నాయినమ్మ పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని ఉంది, పప్పు అడుగంటి నల్లగా మాడిపోయింది. పొగ వాకిట్లోకి వచ్చేదాకా ఆమె కదల్లేదు.

"ఏందవ్వా, పక్కనే కూసున్నవ్ కద!" అన్నాడు బాపు.

"ఏదో సోచాయించుకుంట కూసున్నరా" అంది.

ఏం ఆలోచించిందో మేం అడగలేదు. మాడిన పప్పు తినేశాం.

ఆ పొద్దున నాయినమ్మ మేకు మీది సంచి విప్పింది. లోపల చిన్న చిన్న గడ్డలు, గోధుమరంగు పొర, ఒక్కోదానిలో ఒకే పాయ.

"ఓ బిడ్డా, చూసినవా! ఒంటి ఎల్లిగడ్డలు!" అని సంబరపడిపోయింది.

ఒంటి ఎల్లిగడ్డ అంటే పాయలుగా విడిపోకుండా ఒకే పాయతో ఊరేది. అరుదుగా దొరుకుతుంది, మందుకు అదే గొప్పదని మావాళ్ల నమ్మకం. నేను ముందుగదిలో బాపు ఫోనులో బడి వింటున్నాను. అంటే, పాఠం వింటున్నట్టు ముఖం పెట్టి కిటికీలోంచి పిల్లిని చూస్తున్నాను. ఆమె అరుపు నాకు వినిపించింది. "ఊఁ" అన్నాను. ఆ "ఊఁ" ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఏడెనిమిది గడ్డలు దంచి, మిరియాలు, పసుపు, బెల్లం వేసి పాలల్లో మరిగించింది. రెండు గిలాసల నిండా పోసి మా ముందు పెట్టింది. తనకు పోసుకోలేదు.

"నాకెందుకు, ముసల్దాన్ని. మీరు దక్కాలె. ముక్కు మూసుకొని తాగుండ్రి, మస్తు ఘాటుంటది" అంది.

బాపు గిలాస ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను. ఆ తర్వాత సందంతా వినేలా, "అబ్బా! ఏం ఘాటే అవ్వా, ముక్కు పగిలిపోతుంది!" అన్నాడు.

నేనూ పీల్చాను. మిరియాలు, బెల్లం. ఎల్లిగడ్డ లేదు. మళ్లీ పీల్చాను. లేదు.

వాసన పోవడమంటే ఏమిటో ఆ రోజుల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. వాసన పోయిందని ఎవరైనా అంటే తెల్లసూట్లు వేసుకున్నవాళ్లు వచ్చి తీసుకుపోతారు. తీసుకుపోయినవాళ్లను ఇంటివాళ్లు మళ్లీ చూస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. బాపు ముఖం చూసి, "అవును, మస్తు ఘాటు!" అన్నాను నేను కూడా.

"గదీ, ఒంటి ఎల్లిగడ్డంటే!" అంది నాయినమ్మ గర్వంగా.

లేని ఎల్లిగడ్డను ముగ్గురం కూర్చుని అలా పొగిడాం.

నేను గిలాస కింద పెట్టేసి స్నానాల గదిలోకి ఉరికి సబ్బును ముక్కుకు ఆనించుకున్నాను. వచ్చింది! గంధపు వాసన, నురగతో సహా వచ్చింది. ఊపిరి పీల్చుకుని తిరిగి వచ్చేసరికి నా గిలాస ఖాళీ. బాపు మూతి తుడుచుకుంటున్నాడు.

సబ్బు వాసన వచ్చి ఎల్లిగడ్డ వాసన రాలేదంటే తప్పు నా ముక్కుది కాదు, పాలది. ఆ లెక్క నాకు ఆ క్షణంలోనే తేలింది. కానీ నోరు విప్పితే, మరి ఇందాక ఘాటు అని ఎందుకన్నావని అడుగుతారు. అందుకని మళ్లీ పిల్లిని చూడటానికి వెళ్లాను.

*

గంట తిరక్కుండానే బాపుకు వాంతులు పట్టుకున్నాయి. సాంచాలు నడుస్తున్న రోజులైతే ఎవరికీ వినపడేది కాదు. ఆ నిశ్శబ్దంలో ఆయన వాంతి కూడా ఆయన మాటంత గట్టిగా వినపడింది. ఎదురింటి కిటికీ మూసుకుంది. దాని పక్కది. దాని పక్కది. పుట్టినప్పటినుంచి నన్ను ఎత్తుకుని తిరిగిన సందు అలా ఒక్కొక్క రెక్కా మూసుకోవడం చూస్తూ నేను గుమ్మంలో బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఎవరో ఫోను చేసినట్టున్నారు. తెల్లసూట్లు వచ్చాయి.

ఇద్దరు వచ్చారు. ముందు నిలబడింది ఆడమనిషి. కళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ కళ్లను ఈ రోజు ఎక్కడ చూసినా గుర్తుపడతాను. బాపు వేలికి చిన్న క్లిప్పు లాంటిది పెట్టింది. జ్వరం చూసింది.

"వాసన తెలుస్తోందా?" అని హిందీలో అడిగింది.

"ఫస్టు క్లాసు!" అని బాపు బకెట్టు మీంచి అరిచాడు. ఆ తర్వాత ఏమనుకున్నాడో, గొంతు తగ్గించాడు. ఆయనకు గొంతు తగ్గించడం వచ్చని నాకప్పుడే తెలిసింది. "పొద్దున ఎల్లిగడ్డ వాసన రాలేదు మేడం. అబద్ధం చెప్పిన."

"నాక్కూడ రాలేదు" అన్నాను నేను, బకెట్టులోకి చూస్తూ.

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆ వెల్లుల్లి ఏదీ, చూపించండి" అంది.

సంచి తెచ్చి నాలుగు గడ్డలు అరచేతిలో పోసి చూపించాను. కింద వాకిట్లో నిలబడి తలెత్తి చూస్తున్న బా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అరే, ఏ తో మేరీ రజనీగంధా హై!"

ఆ మాటకు అనువాదం అక్కర్లేకపోయింది. పదిహేనేళ్లలో నాయినమ్మకు బా మాట మొదటిసారి పూర్తిగా అర్థమైంది.

"లిల్లిగడ్డలా?" అంది మెల్లగా.

"లిల్లిగడ్డలే" అన్నాను. ఈసారి మొదటి అక్షరం ఇరుక్కోలేదు.

బాపు గోడకు ఆనుకుని, వాంతుల మధ్యలోనే, నవ్వడం మొదలుపెట్టాడు. కరోనా కాదు! పువ్వు! బా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఒకటి రెండు కిటికీలు కొంచెం తెరుచుకున్నాయి. ఆ గడ్డ తిన్నవాళ్లకు వాంతులవుతాయని, కడుపు ఖాళీ అయితే తగ్గుతుందని, నీళ్లు తాగిస్తూ ఉండమని ఆ మేడం చెప్పింది. చెప్పి, నవ్వకుండా, నాయినమ్మ వైపు తిరిగింది.

"మాజీ, ఇన్ని గడ్డలు చేత్తో ఒలిచి దంచారు కదా. ఇది వెల్లుల్లి కాదని మీకెలా తెలియలేదు?"

నేను తెలుగులో చెప్పాను. నాయినమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

మేడం వంటింటి బుట్టలోంచి నిజం ఎల్లిగడ్డ పాయ ఒకటి తెప్పించి, చితకొట్టించి, నాయినమ్మను కళ్లు మూసుకోమంది. ముక్కు కింద పెట్టింది. మూడు అడుగుల దూరంలో నాకు కళ్లు మండాయి. నాయినమ్మ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. కాసేపటికి, పరీక్షలో జవాబు తెలియని పిల్ల ఊహించి చెప్పినట్టు, "సబ్బా?" అంది.

ఎవరూ నవ్వలేదు.

క్లిప్పు ఆమె వేలికి పెట్టారు. దానిమీద అంకె చూసిన ఆ రెండు కళ్లు ఒక్కసారి మూసుకుని తెరుచుకున్నాయి. మేడం వెనక్కి తిరిగి, బండి తెమ్మని చేత్తో సైగ చేసింది. అంతసేపూ నిటారుగా నిలబడి అందరికీ నీళ్లందించిన మనిషికి లోపల ఊపిరి తరిగిపోతోందని మాకెవరికీ తెలియదు. ఆమెకు తెలుసేమో.

"ఎన్నొద్దులైందవ్వా వాసన పోయి?" అని అడిగాడు బాపు. ఆ గొంతు గుమ్మం కూడా దాటలేదు.

"నాలుగొద్దులు. చెప్తే తోల్కపోతరని చెప్పలేరా" అంది నాయినమ్మ.

ఇందాక నవ్విన నా నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. దాన్ని ఎలా మూయాలో తోచలేదు. ఆమె తన వక్కల డబ్బా తీసుకుంది, చెప్పులేసుకుంది, కొంగు సరిచేసుకుంది. మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగింది. ఏదో పెద్ద మాట చెబుతుందనుకున్నాను.

"పిల్లా, పాలగిన్నె నానబెట్టు. అడుగంటింది" అంది.

*

మా గేటుకు టేపు కట్టారు. మా ఇద్దరికీ పరీక్ష చేశారు. రోగం లేదన్నారు, అయినా రెండు వారాలు కదలొద్దన్నారు. బాపు ఒక రోజుకే కోలుకున్నాడు, ఒంట్లో. బా రోజూ కింద నిలబడి పిలిచేది. నేను తాడు కట్టిన సంచిని కిందికి వదిలేదాన్ని. థేప్లా రొట్టెలనో, కిచిడీ డబ్బానో పెట్టేది, పైకి లాగేదాన్ని. ఆమె సంచి చేసిన పనికి మా సంచి నిండా తిండి పెట్టి పంపడం చూస్తే తల ఎత్తలేకపోయేదాన్ని.

మూడో రోజు బాపుతో చెప్పేశాను. పది రోజులు గడ్డలు పాతకపోవడం, "ఊఁ" అనడం, సబ్బు వాసన చూడటం, అన్నీ. చివరికి, "నా గిలాస కూడ నువ్వే తాగినవ్. నేను మొదలే చెప్తే..." అని ఆగిపోయాను.

"నువ్వు వాసన చూసుడు నేను చూసిన బిడ్డా" అన్నాడు. "నీ మొకం తెల్లగైంది. నీకు వాసన పోయిందనుకున్న. ఆ గిలాస అట్లనే ఉంటే అవ్వ అడుగుతది, నువ్వు చెప్తవ్, వాళ్లొస్తరు. అందుకే జల్దిన తాగేసిన."

నాకోసం ఆయన అబద్ధమాడాడు. ఆయన కోసం నేను. మా ఇద్దరి కోసం ఆమె. అంత ప్రేమలో ఒక్కరైనా నిజం చెప్పి ఉంటే నాయినమ్మ ఇంకా ముందే దవాఖానకు చేరేది. ఈ సంగతి ఇప్పటికీ నేను మింగలేను.

మిగిలిన గడ్డలు పద్నాలుగు. ఆ రోజే నూనె డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి, డాబా మీది పాత కుండీల్లోంచి మన్ను తెచ్చి నింపి, డాబా మెట్టు పక్కన పెట్టాను. బా వాకిట్లో కుర్చీ వేసుకుని కింది నుంచే పాఠం చెప్పింది. "రెండు వేళ్ల లోతు చాలు! నీళ్లు తక్కువ! కుళ్లుతాయి!" మొదటి నాలుగూ తలకిందులుగా పెట్టాను. పైకెత్తి చూపించగానే, "అరే, మూతి పైకి! నిన్ను తలకిందులుగా నిలబెడితే పెరుగుతావా?" అని అరిచింది. నేను నిటారుగా నిలబడే పెద్దగా పెరగలేదు గానీ, తీసి మళ్లీ పెట్టాను.

ఇవి మొలిస్తే నాయినమ్మ వస్తుంది. ఎవరు చెప్పారని అడక్కండి. పద్నాలుగేళ్ల తలకు అలా తోచింది.

మొలవలేదు. వారమైంది. రోజుకు ఒకసారి దవాఖానలో ఒక నర్సమ్మ ఫోనులో నాయినమ్మ ముఖం చూపించేది. పెద్ద మాస్కు, దాని వెనక కళ్లు. మాట లేదు. నేను ఏం మాట్లాడాలో తెలియక, "లిల్లిగడ్డలు పెట్టిన నాయినమ్మా, మొలిస్తే చూపిస్త" అన్నాను. మరుసటి రోజు ఆ కళ్లు ఫోనులో దేనికోసమో వెతికాయి. డబ్బాలో మన్ను తప్ప ఏముంది?

అందుకని ఆ సాయంత్రం ఒక డబ్బా అంచున నాలుగు ఎల్లిగడ్డ పాయలు పాతాను. అవి ఆలస్యం చేసే రకం కాదు. నాలుగో రోజుకల్లా పచ్చటి మొలకలు లేచాయి. ఫోను ముందు పెట్టి, "చూడు, లిల్లిలు!" అన్నాను. మాస్కు వెనక కళ్లు చాలాసేపు చూశాయి. ఆ రోజు ఆమె చెయ్యి ఎత్తి ఊపింది.

ఇరవై రెండో రోజు ఆమెను ఇంటికి పంపించారు. సగం మనిషి వచ్చింది. సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఎవరూ దగ్గరికి రాలేదు గానీ, అందరూ చేతులు ఊపారు. బాపు ఆమెను ఎత్తుకుని మెట్లెక్కాడు. డాబా మెట్టు మీద దింపగానే ఆమె ఆయాసపడుతూ డబ్బాల వైపు చూసింది.

"గీ ఎల్లిగడ్డ మొలకలనేనా పిల్లా, లిల్లిలని సూపిచ్చింది?"

నేను ఆ డబ్బాకు అడ్డంగా జరిగాను.

"నాకు వాసన పోయింది గని, కండ్లు పోయినయానే?" అంది.

ఆ పక్కన, నేను గమనించనేలేదు, మన్ను పగిలి ఒక సన్నటి మొలక తల బయటపెట్టింది. ఎల్లిగడ్డది కాదు. ఎర్రటి అంచు ఉంది.

*

భాద్రపదం వెళ్లేసరికి కాడలు లేచాయి. అమ్మ ఎలాగో బండి దొరికించుకుని వచ్చింది. వచ్చి, నెలల తరబడి ఫోనులో దాచిన సంగతులన్నీ ఒక్కొక్కటే విని, వంటింట్లో కూలబడింది. తేరుకున్నాక మొదట చేసిన పని స్కెచ్ పెన్ను వెతకడం.

నాయినమ్మకు ప్రాణం వచ్చింది గానీ వాసన రాలేదు. తిండి మన్ను తిన్నట్టుందనేది. అమ్మ పక్కన కూర్చుని బతిమాలి బతిమాలి నాలుగు ముద్దలు పెట్టేది. రోజురోజుకూ చిక్కిపోయింది. దవాఖానలో నిలిచిన మనిషి ఇంట్లో కంచం ముందు కరిగిపోతుందేమోనని బాపు భయపడ్డాడు. మొదటి మొగ్గ విచ్చిన రోజు కాడ కోసి ఆమె చేతికిచ్చాను. ముక్కుకు ఆనించుకుని చాలాసేపు పీల్చింది.

"మస్తుగుంది" అంది.

"నిజమేనా నాయినమ్మా?"

ఆమె నా వైపు చూసింది. అబద్ధాలతో మా ఇంటికి ఏమైందో ఇద్దరికీ తెలుసు.

"ఏం వస్తలేదు బిడ్డా" అంది, పువ్వు ఒడిలో పెట్టుకుని.

బతుకమ్మ వచ్చింది. ఊరి నుంచి బండి మీద వచ్చే గునుగు, తంగేడు పూలు ఆ ఏడు రాలేదు. మా దగ్గర ఉన్నవి లిల్లిలే. తెల్లటి బతుకమ్మను పేర్చాం. ఆ ఏడు ఆ మాట మాకు పండుగ పేరులా వినిపించలేదు. ఎవరో ఎవరినో బతిమాలుతున్నట్టు వినిపించింది. బా కింద మెట్టు మీద, అమ్మా నేనూ వాకిట్లో, నాయినమ్మ పైమెట్టు మీద కుర్చీలో, చుట్టూ పూలతో. సందంతా లిల్లి వాసనతో మత్తెక్కిపోయింది. ఆమె ఒక్కతే ఆ వాసనలో ఏమీ తెలియకుండా కూర్చుని కాడలు అందిస్తోంది.

ఉన్నట్టుండి చేతిలో కాడ ఆపి తల ఎత్తింది. ముక్కుపుటాలు కదిలాయి.

"పప్పు మాడుతుందే!" అని అరిచింది.

అమ్మ లేవలేదు. నేను లేవలేదు. బాపు లోపలినుంచి గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు. పొయ్యి మీద పప్పు పెట్టి మరిచిపోయింది నేనే. అది నిజంగానే మాడుతోంది. అందరం ఆమె ముఖంలోకి చూస్తున్నాం.

"ఏందట్ల సూస్తరు? పోయి దించుండ్రి! మాడువాసన ముక్కు పగులగొడుతుంది!"

బాపు దించలేదు. మెట్టు మీద ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, సందంతా వినేలా ఏడ్చాడు. ఏమైందోనని బా కంగారుపడితే నేను చెప్పాను, పప్పు మాడిందని. ఆమె కళ్లొత్తుకుని, "బహుత్ అచ్ఛా" అంది.

వందల పూల మధ్య కూర్చుని మా నాయినమ్మ ముక్కు మొదట ఎంచుకున్నది మాడిన పప్పును. తర్వాత లిల్లి తీసి పీల్చింది. "జరంత వస్తుంది. ఎక్కడో పక్క సందుల పూసినట్టు" అంది. ఈసారి ఎవరూ నిజమేనా అని అడగలేదు. ఆ మధ్యాహ్నం మాడిన పప్పుతోనే రెండోసారి అన్నం పెట్టించుకుంది.

*

నాయినమ్మ ఆ తర్వాత మూడు శరత్తులు చూసింది. బా కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఇల్లు అమ్మేశారు, ఆ జాగాలో ఆరంతస్తులు లేచాయి. ఇప్పుడు అమ్మావాళ్లుండే వాటాలో మన్ను లేదు. అందుకే గడ్డలు అడాజన్‌కు, నా బాల్కనీకి వచ్చాయి. లిల్లి తల్లిగడ్డ ఒక్కసారే పూస్తుంది. పూసి, చుట్టూ పిల్లగడ్డలను వదిలి, మట్టిలోనే అరిగిపోతుంది. అంటే నా సంచిలో ఉన్నవి ఆ పద్నాలుగింటి మనవరాళ్లు. నాకు వరసవుతాయి.

నిన్న వాటిని పాతాను. ఈసారి రేపు అనలేదు. మూతి పైకే పెట్టాను. అంచున అలవాటుగా ఒక ఎల్లిగడ్డ పాయ కూడా గుచ్చాను. లోపల పొయ్యి మీద పప్పు సంగతి మరిచిపోయాను.

"ఏయ్, జల్ రహా హై!" అని గదిలోంచి ఆ అమ్మాయి అరిచింది.

తెలుసు. నాకూ వచ్చింది వాసన. చేతులు మట్టిగా ఉన్నాయని చెప్పి, ఇంకొక్క నిమిషం అలాగే మాడనిచ్చాను.